మల్ ఆఫ్ కింటైర్: ఒక పాట పుట్టిన పల్లెపట్టు

స్కాట్లండు దేశపటమును విప్పి పడమటి తీరమును పరికించినచో, ఏనుగుతొండమువలె దక్షిణమునకు సముద్రములోనికి దిగిన యొక సన్నని నేల కనబడును. అదియే కింటైర్ ద్వీపకల్పము. పొడవు 30 మైళ్లకు పైబడియున్నను వెడల్పు ఎచ్చటను 11 మైళ్లకు మించదు. దాని తుదికొన ఐర్లండు తీరమునకు 12 మైళ్ల దూరముననే యున్నది. ఆ కొనకు మల్ ఆఫ్ కింటైర్ అని పేరు. గేలిక్ భాషలో ‘క్యౌన్ చీరె’ యనగా నేలకు తల, అనగా నేలకొన. ‘మూల్’ అనగా బోడిది. బోడికొండ కొన యన్నమాట. పేరులో కవిత్వ మేమియు లేదు. అయినను 1977వ సంవత్సరము మొదలు ఈ పేరు చెవిని బడగానే ఆ దేశమున నడివయస్సు దాటినవారి పెదవులపై ఒక పాట తనంతట తానే మెదలుచుండును.

పాట పేరును అదియే. కట్టినవాడు పాల్ మెకార్ట్నీ. చేయి కలిపి పూర్తిచేసినవాడు ఆతని ‘వింగ్స్’ బృందములోని డెన్నీ లెయిన్. బీటిల్స్ అను నలుగురు లివర్‌పూలు యువకుల పేరు వినని యిల్లు మనలోను అరుదే. ఆ నలువురిలో నొకడైన మెకార్ట్నీ లోకమంతయు తిరిగి, లోకమంతటి కేకలు విని విసిగి, గొఱ్ఱెలమందల నడుమ ఒక పాడుపడిన రాతియింట తలదాచుకొన్న చోటిది. నేను దీనిని చూడగోరుటకు పాటకన్న ఆ యింటి కథయే ముఖ్యకారణమని సోదరీమణులకు ముందుగనే మనవి చేయుచున్నాను. ఆ కథలో ఒక ఇల్లాలి పాలు చాల గలదు.

గ్లాస్గో నగరమున ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయియు నేనును మే మాసమున ఒక ఉదయమున బస్సెక్కితిమి. పక్షివలె ఎగిరిపోగలిగినచో గ్లాస్గోనుండి కాంబెల్‌టౌన్ 60 మైళ్లే. కాని సముద్రపు పాయలు నడుమనడుమ నేలను చీల్చుకొని లోపలికి చొచ్చుకొనివచ్చుటచే, బాట వాని చుట్టును తిరిగి తిరిగి 135 మైళ్లకు పైగా సాగును. నాలుగు గంటలు దాటిన ప్రయాణము. లోమండ్ సరస్సు వెంట కొంతదూరము పోయి కొండలలో ప్రవేశించిన పిమ్మట ఒక ఎత్తయిన కనుమ వచ్చును. దాని పేరే వింత: ‘విశ్రమించి కృతజ్ఞత తెలుపుము’ అని. 18వ శతాబ్దమున ఆ కనుమదారి వేసిన సైనికులు పని ముగించి ఈ మాటలను రాతిపై చెక్కి నిలిపిరి. తిరుమల మెట్లెక్కుచు మోకాళ్లపర్వతము దాటినవారికి ఈ పేరులోని సుఖమును వేఱుగ వివరింప నక్కఱలేదు. ఇప్పటికిని గట్టివానలు కురిసినపుడు కొండచఱియలు విఱిగిపడి ఈ దారి మూతపడుచుండును.

టార్బర్ట్ అను చిన్న రేవుతో కింటైర్ మొదలగును. అక్కడ తూర్పు సముద్రమునకును పడమటి సముద్రమునకును నడుమ నేల ఒక మైలు మాత్రమే. దీనిపై ఒక కథ ప్రచారమున నున్నది. 1098లో నార్వే రాజు మాగ్నస్ పడమటి ద్వీపములన్నియు తనవియని స్కాట్లండు రాజుతో ఒప్పందము చేసికొనెను. ఓడలో చుట్టివచ్చుటకు వీలైన ప్రతి భూమియు ద్వీపమే యని ఒడంబడిక. ఆ మాటను పట్టుకొని మాగ్నస్ తాను ఓడలో చుక్కాని పట్టి కూర్చుండి, భటులచేత ఆ మైలుమేర నేలపై ఓడను ఈడ్పించి, కింటైర్ కూడ ద్వీపమే యనిపించి కైవసము చేసికొనెనట. ఈ నేలను ఆశించినవారిలో పాటలవాడు మొదటివాడు కాడు.

టార్బర్ట్ దాటినంతనే బస్సు పడమటి తీరమునకు చేరినది. కుడిచేతివైపు అట్లాంటిక్ సముద్రము. దానిలో గీయా, ఐలా, జూరా ద్వీపములు. ఎడమవైపు పచ్చికబయళ్లు, రాతిగోడలు, ఆ గోడల నడుమ తల్లుల పొదుగులను కుమ్ముచున్న గొఱ్ఱెపిల్లలు. గట్లపై గోర్సు అను ముండ్లపొదలు పసుపు కలిపి కుమ్మరించినట్లు పూచియుండెను. ఆకాశము అరగంటకొక రంగు. ఎండ, వాన, మఱల ఎండ. మా అమ్మాయి “అమ్మా, ఇక్కడ గొడుగు పట్టవద్దు, గాలి దాని నిన్నును కలిపి తీసికొనిపోవును” అని ముందే హెచ్చరించెను. ఆ మాట నిజము. ఈ తీరమున చెట్లు తిన్నగ నిలువవు. గాలికి జడిసి నేలవైపు వంగి, దువ్వెనతో ఒకే ప్రక్కకు దువ్విన తలకట్టువలె నుండును.

తూర్పు తీరమున మఱొక బాట గలదు. అది మఱింత యిరుకు, మఱింత మెలికలు. బీటిల్స్ చివరి దినములలో మెకార్ట్నీ కట్టిన ‘సుదీర్ఘమైన మెలికల దారి’ యను ప్రసిద్ధమైన పాటకు ఈ బాటయే మూలమని ఇక్కడివారు గట్టిగ నమ్ముదురు. స్కాట్లండు కొండలలోని దారులు ఆ పాటకు ఊపిరి పోసినవని ఆతడును చెప్పియున్నాడు.

కాంబెల్‌టౌన్ ఈ ద్వీపకల్పమునకు ముఖ్యపట్టణము. ముఖ్యపట్టణ మనిన మాట విని పెద్ద నగరము నూహింపరాదు. మన తాలూకా కేంద్రము పాటిది. ఒకనాడు మాత్రము దీని వైభవము సామాన్యమైనది కాదు. 19వ శతాబ్దమున ఇక్కడ 30కి పైగా విస్కీ బట్టీలుండెను. రేవునిండ చేపపడవలు, సమీపమున బొగ్గుగనులు. తరువాత అన్నియు ఒకదాని వెంట నొకటి పడిపోయెను. 1930లలో బట్టీలు రెండే మిగిలెను; 2004లో మూడవదానిని తిరిగి తెఱచిరి. బట్టీలు పోయినందుకు మన పాఠకురాండ్రు చింతిల్లరని యెఱుగుదును. కాని వానితో పోయిన కూలిని తలచుకొనుడు. చివరి బొగ్గుగని 1967లో మూతపడినది. మెకార్ట్నీ ఇక్కడ పొలము కొన్నది 1966లో. లోకములోని కెల్ల సంపన్నులైన యువకులలో నొకడు శాంతికై ఈ యూరికి వచ్చిన దినములలోనే, ఈ యూరి యువకులు కూటికై గ్లాస్గోకును లండనునకును బస్సెక్కుచుండిరి. పాటలో ఈ సంగతి లేదు. ఉండవలెనని నేననుట లేదు. ఊరు చూచినపుడు మాత్రము తోచకమానదు.

ఊరిలో ఆడువారు మెచ్చదగిన దొకటి గలదు: 1913లో కట్టిన సినిమా హాలు. ఆ దేశమున మిక్కిలి పాతవానిలో నొకటి. శిథిలమగుచుండగా బాగుచేయించి 2017లో తిరిగి తెఱచిరి. ఎఱ్ఱని కుర్చీలు, చిత్రమైన దీపములు; బొమ్మరిల్లువలె నున్నది.

ఇక పొలము మాట. దాని పేరు హై పార్క్. 183 ఎకరములని చెప్పుదురు. కాంబెల్‌టౌన్‌కు వాయవ్యముగ కొండల నడుమ నున్నది. సొంతదారి; బయటివారు పోరాదు, మేమును పోలేదు. ఊరివారును దారి చెప్పరు. పాత్రికేయులు వచ్చి యడిగిన కాలమున ఒకరు తూర్పునకును ఒకరు పడమరకును చేయి చూపుచుండిరని ప్రసిద్ధి. ఆ యింటిని గూర్చి మనము తెలిసికొనగలిగినదెల్ల ఆ దంపతులు చెప్పినదియు, ఆమె తీసిన ఛాయాచిత్రములును.

ఆమె యనగా లిండా. అమెరికా దేశస్థురాలు, ఛాయాచిత్రకారిణి. మొదటి వివాహమున కలిగిన హెదర్ అను కుమార్తెతో ఉన్నది. మెకార్ట్నీ ఈ పొలమును కొన్నపుడు దీనిపై మోజుతో కొనలేదు. డబ్బును భూమిమీద పెట్టుట మేలని లెక్కలవారిచ్చిన సలహా పాటించెను, అంతియే. ఇల్లు మూడు గదుల పాడుకొంప. పైకప్పు కారుచుండెను, ఎలుకలు తిరుగుచుండెను. 1968లో లిండా మొదటిసారి వచ్చి చూచెను. ఆమె కంటికి ఆ కొంప కొంపగా కనబడలేదు. దీనిని మనము బాగుచేసికొందమనెను. అంతకు ముందు తనకు ఆ ఆలోచనయే తట్టలేదని మెకార్ట్నీయే పలుమార్లు చెప్పియున్నాడు. ఈ ప్రకృతిపై ప్రేమ సంగీతజ్ఞునిదని లోకము వ్రాయుచున్నది. అది ఆతనికి ఒక స్త్రీ కంటినుండి సంక్రమించినదని నేను చెప్పుదును. చూపు ఆమెది, గొంతు ఆతనిది.

1969 మార్చిలో వారు వివాహమాడిరి. ఆ యేటి ఆగస్టులో ఒక కుమార్తె కలిగినది. ఆమెకు మేరీ యని పేరుపెట్టిరి. మేరీ మెకార్ట్నీ తల్లి పేరు. మంత్రసాని వృత్తిలోనుండిన ఆ తల్లి 1956లో రొమ్ము పుండుతో మరణించెను. అప్పటికి బాలునకు పదునాలుగేండ్లు. ఆ సంవత్సరముననే బీటిల్స్ లోలోపల విచ్ఛిన్నమైరి. బాల్యమునుండి తోడుగనున్న మిత్రుడే పొమ్మని లేచిపోగా, తాను పాటలు కట్టుటకే తగనని మెకార్ట్నీకి భ్రమ పట్టినది. పగలెల్ల మంచము దిగకుండుట, లేచినచో త్రాగుట. ఆ దశను ఆతడు దాచుకొనలేదు. అదే సమయమున ఆతడు చనిపోయెననియు, మఱియొకడు వాని వేషమున తిరుగుచున్నాడనియు అమెరికాలో ఒక వదంతి పుట్టెను. ‘లైఫ్’ పత్రికవారు 1969 చివర ఈ పొలము వెదకికొనివచ్చి, భార్యాబిడ్డలతో ఫొటో తీసి ప్రకటించినగాని లోకము నమ్మలేదు.

పసిబిడ్డ యొడిలో, ఏడేండ్ల పిల్ల కొంగుపట్టుకొని, మంచమెక్కిన మగడు. వేడినీళ్లు సరిగరాని యిల్లు. ఏ అమ్మకైనను ఇది ఎంతటి బరువో చెప్పనేల? లిండా ఏమి చేసినది? ఉపన్యాసము లీయలేదు. పని చూపినది. ఆతడు బంగాళాదుంపల పెట్టెలు పేర్చి పాతపఱుపు వేసి కూర్చుండుటకు సోఫా చేసెను. సిమెంటు కలిపి నేల పోసెను. పైకప్పుకు రంగు వేసెను. చేతికత్తెరలతో గొఱ్ఱెల ఉన్ని తీయుట నేర్చుకొనెను. లిండా గుఱ్ఱపుస్వారి, తోటపని, వంట, వీనితోబాటు మెడలో కెమేరా. ఆమె తీసిన చిత్రములలో గడ్డము పెరిగిన మగడు, బురదకాళ్ల పిల్లలు, కిటికీలో ఆరవేసిన బట్టలు, వెనుక కొండ. కీర్తిశాలి యొక్కడును లేడు. కొన్నాళ్లకు ఆతడు మఱల పాడనారంభించెను. 1971లో వచ్చిన ‘రామ్’ అను సంపుటమును ఇద్దరి పేరుననే ప్రకటించిరి. మన దేవుని పేరని భ్రమపడకుడు. ఆ భాషలో రామ్ అనగా పొట్టేలు. అట్టపై ఆతడు పొట్టేలు కొమ్ములు పట్టుకొని నిలిచియున్నాడు.

ఈ యింటనే మన పాఠకురాండ్రకు నచ్చు మఱొక సంగతి జరిగినది. ఒక ఆదివారము వారు భోజనమునకు కూర్చుండి గొఱ్ఱెపిల్ల మాంసము తినుచు కిటికీలోనుండి చూడగా, బయట గొఱ్ఱెపిల్లలు గంతులు వేయుచుండెను. తినుచున్న దానిని, ఆడుచున్న దానిని మార్చిమార్చి చూచి, ఇకమీద మాంసము ముట్టరాదని ఇద్దరును నిశ్చయించుకొనిరి. 1970లలో ఆ దేశమున శాకాహారి యనిన వెఱ్ఱివానిక్రింద లెక్క. విందులలో వారికి ఉడికించిన క్యాబేజీ తప్ప వేఱు గతి లేదు. లిండా మాత్రము పట్టుదలతో కొత్తవంటలు కనిపెట్టి, 1989లో శాకాహార వంటల పుస్తకము ప్రకటించెను. 1991లో ఆమె పేరుతో సిద్ధపు శాకాహారము దుకాణములకు వచ్చెను. గొఱ్ఱెల కాపరుల సీమలో నిలిచి ఈ మాట చెప్పుటకు ధైర్యము కావలెను. వారు పొలములోని గొఱ్ఱెలను ఉన్నికి మాత్రమే పెంచి, ముసలివగువఱకు మేయనిచ్చిరట. ఇరుగుపొరుగు రైతులు ఏమనుకొనిరో! గొఱ్ఱెను అమ్మినగాని పూట గడవనివారు వారు. ధనము గలవాని దయ సులభమని వారనుకొన్నను తప్పులేదు. అయినను దయ దయయే గదా.

ఇంతకు పాట. స్కాట్లండు పాటలనిన అన్నియు తాతలనాటివే. పాడుకొనుటకు కొత్తది ఒక్కటియు లేదేమని మెకార్ట్నీకి తోచినది. ఊరికి పరాయివాడైన ఒక ఇంగ్లీషువాడు స్కాట్లండు పాట కట్టబూనుట సాహసమే. పల్లవి ముందుగ కుదిరినది. 1977లో డెన్నీ లెయిన్‌తో కూర్చుండి చరణములు పూర్తిచేసెను. ఆ యేటి ఆగస్టులో పొలములోని కొట్టమునే శబ్దశాలగా మార్చి పాటను పట్టిరి. లిండాకు అప్పుడు నెలలు నిండుచుండెను. సెప్టెంబరులో కుమారుడు జేమ్స్ జన్మించెను.

పాటకు ప్రాణము కాంబెల్‌టౌన్ తిత్తివాద్య బృందము. తిత్తివాద్యమనగా నేమో మనకు కొత్తగ చెప్పనక్కఱలేదు. మన వీధిభాగవతులు శ్రుతికై మేకతోలు తిత్తిని చంకబెట్టి ఊదుట పెద్దలు చూచియే యుందురు. స్కాట్లండువారిదియు ఆ జాతిదే. భేదమేమనగా మన తిత్తి శ్రుతిని మాత్రమే పట్టును. వారిదానికి శ్రుతిగొట్టములు వీపుపై నిలువగా, స్వరము పలుకు గొట్టము వేళ్లక్రింద నుండును. ఆ గొట్టమున తొమ్మిది స్వరములే గలవు. పాటగానికి అనువుగ తన శ్రుతిని అది మార్చుకొనజాలదు; దానికి పాటగాడే లొంగవలెను. అందుచే ఈ పాట మొదట ఒక శ్రుతిలో గిటారుతో మెల్లగ నడచి, తిత్తులు ప్రవేశింపగానే మధ్యమమునకు షడ్జము జరుగును. మన సంగీతమున మధ్యమశ్రుతి యని దేనినందుమో సరిగ నదియే. ఒక్కసారిగ తలుపులు తెఱచినట్లు పాట విశాలమగును. తాళము తిశ్రము, ఊయల నడక. జోలలు పాడిన మన గొంతులకు వెంటనే పట్టువడును. సాహిత్యమున చెప్పదగిన కల్పన లేదు. సముద్రము, కొండ, మంచు, ఇక్కడనే ఉండవలెనను కోరిక. మాటలు నిజమునకు సామాన్యములు. రాగమును, తిత్తులును మాటలు మోయలేనిదానిని మోయుచున్నవి.

బృందములోనివారు ఊరి పిల్లలు, పనివారు. వేసవిలో ఒక సాయంకాలము కొట్టమునకు వచ్చి వాయించి, నవ్వుచు వెళ్లిపోయిరి. పాట 1977 నవంబరు 11వ తేదీన వెలువడెను. అప్పుడు ఇంగ్లండున చిఱిగిన బట్టలు కట్టి, తలవెండ్రుకలు నిక్కించి, అన్నిటిని తిట్టుచు పాడు ‘పంక్’ గాయకుల కాలము. ఆ హోరునడుమ ఈ జోలపాట నెవడు వినునని పాడినవారికే సందేహము. కాని అది తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచినది. క్రిస్మసు పండుగనాడును అదియే. ఆ దేశమున 20 లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయిన మొట్టమొదటి పాట యిది. బీటిల్స్ పాటలుగూడ దీనికి వెనుకబడెను. 1984 చివర ఇతియోపియా క్షామమునకై గాయకులందఱు కూడి పాడిన పాట వచ్చువఱకు దీనిని మించినది లేదు. అమెరికాలో మాత్రము దీని నెవరును పట్టించుకొనలేదు. అక్కడివారు రికార్డు రెండవప్రక్కనున్న పాటనే ఎక్కువగ వినిరి. విడిచివచ్చిన పల్లె యొకటి మనసున మెదలనివారికి ఇది పట్టదేమో యని నా యూహ.

పాటకై తీసిన చలనచిత్రమును శాడెల్ అను చోట తీసిరి. అది తూర్పు తీరము. పాతకోటయొకటి, దానిముందు చిన్న ఇసుకతిన్నె. బృందమువారు బారులుతీరి ఆ తిన్నెపై నడచివచ్చుట అందఱకును గుర్తు. ఇందొక చమత్కారము గలదు. పాట పేరు దక్షిణపు కొనది. పుట్టినది వాయవ్యపు పొలమున. చూపినది తూర్పు తీరమును. మెకార్ట్నీ గుఱ్ఱములెక్కి తిరిగిన మాక్రిహానిష్ ఇసుకబయలు పడమట. యాత్రికులు పాట చేతబట్టుకొని మల్ కొనకు పోయి, చిత్రములోని ఇసుకతిన్నె యెక్కడని వెదకికొందురు. అక్కడ ఇసుక లేదు. నిట్టనిలువు బండలు మాత్రమే.

మేము మఱునాడు ఒక అద్దెకారులో ఆ కొనకు వెళ్లితిమి. సౌతెండ్ అను పల్లె దాటినపిమ్మట బాట ఒక్క బండి పట్టునంత సన్ననై, తుప్పల మేడలపైకి ప్రాకును. ఒకచోట బండి నిలిపివేయవలెను. అక్కడనుండి దీపస్తంభమువఱకు సుమారు ఒక మైలు కాలినడక, అంతయు దిగుడు. దిగునపుడు హాయి, ఎక్కునపుడు నాబోటి అరువదియేండ్ల వారికి అడుగడుగునకు విశ్రాంతి కావలెను. 1788లో ఆ దీపమును మొదట వెలిగించిరి. సముద్రమునుండి సామాను దింపుటకు వీలులేక, ప్రతి రాయిని, ప్రతి నూనెపీపాను గుఱ్ఱములపై ఈ కొండమీదుగ మోయించిరి. 1996నుండి దీపము మనుష్యుడు లేకయే వెలుగుచున్నది. నిర్మలముగ నున్న దినమున ఎదుట ఐర్లండు పొలముల గట్లుగూడ కనబడునట. మేము పోయిన నాడు సగము కనబడి, చూచుచుండగనే తెల్లని తెఱ దిగి మాయమైనది.

పాటలో ముద్దుగ వినబడు ఆ మంచు నిజమునకు ఎట్టిదో ఇక్కడ తెలియును. 1994 జూన్ 2వ తేదీ సాయంకాలమున, బెల్‌ఫాస్టు నుండి వచ్చుచున్న ఒక సైనిక హెలికాప్టరు ఈ మంచులో కొండచఱియను కొట్టుకొని బ్రద్దలై, అందున్న 29 మందియు మరణించిరి. వారిలో పలువురు ఐర్లండు కల్లోలమును అణచుటకై పనిచేయుచుండిన రహస్యవిభాగపు అధికారులు. విచారణలో సైన్యాధికారులు తప్పంతయు చనిపోయిన ఇద్దరు చోదకులదే యని తేల్చిరి. చచ్చినవారు మాటాడలేరు గదా! కాని వారి తల్లిదండ్రులు ఊరకుండలేదు. పదునేడేండ్లు వారు తలుపు తట్టని కార్యాలయము లేదు. తుదకు 2011లో ప్రభుత్వము ఆ నింద నిలువదని ఒప్పుకొని క్షమార్పణ చెప్పుకొనెను. కొండపై ఒక రాళ్లగుట్టను కట్టి, చనిపోయినవారి పేళ్లు చెక్కిరి. దానియొద్ద ఎవరో పెట్టిపోయిన పూలగుత్తి వానకు తడిసియుండెను. మా అమ్మాయి ఫోనులో పాట వినిపింపబోయి, ఆ రాయిని చూచి మానుకొనెను.

లిండా 1998 ఏప్రిల్‌లో మరణించెను. అత్తగారిని తీసికొనిపోయిన వ్యాధియే ఆమెను తీసికొనిపోయినది, వయస్సు 56. కాంబెల్‌టౌన్‌లో ఆమె పేర ఒక చిన్న తోట గలదు. 2002లో తెఱచిరి. నడుమ ఆమె కంచువిగ్రహము. దానిని చేసినది మెకార్ట్నీ బంధువైన ఒక శిల్పిని. బల్లపై కూర్చున్న రూపము, చేతులలో గొఱ్ఱెపిల్ల. రాణుల విగ్రహములు, సైనికుల విగ్రహములు ఆ దేశమున వీధి వీధికి నున్నవి. ఒక గృహిణిని గొఱ్ఱెపిల్లతో కూర్చుండబెట్టినది నేను మఱెక్కడను చూడలేదు. మేము అచ్చటి రాతిబల్లపై కూర్చుండి గ్లాస్గోనుండి తెచ్చుకొన్న పులిహోర పొట్లము విప్పితిమి. శాకాహారమే గనుక ఆమె యెదుట సంకోచము లేకపోయినది. ప్రక్కను ఒక వృద్ధురాలు ఉన్ని అల్లుకొనుచుండెను. పాట సంగతి యెత్తగా ఆమె నవ్వి, “ఊళ్లోవారము దానిని విని విని అలసిపోయితిమి. కాని పొరుగూరిలో ఎవరైన పాడినచో ఏడ్పువచ్చును” అనెను. పాటను గూర్చి నేను చదివిన విమర్శలలో ఇంతకు మించినది లేదు.

డెన్నీ లెయిన్ 2023 డిసెంబరులో మరణించెను. పాట పల్లవిని తుదినాళ్లవఱకు సభలలో పాడుచునే యుండెనట.

పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. మే, జూన్ మాసములు మేలు. అప్పుడు రాత్రి పదిగంటలవఱకు వెలుతురుండును. చీరెకట్టుతో కొండదిగుట కష్టము; గట్టి బూట్లు, వానకోటు తప్పనిసరి, గొడుగు దండుగ. రేవునకెదురుగ డవార్ అను చిన్న ద్వీపమున్నది. దాని గుహలో ఊరి చిత్రలేఖనోపాధ్యాయుడొకడు 1887లో ఎవరికిని చెప్పక క్రీస్తును శిలువవేయు దృశ్యమును గోడపై చిత్రించెను. ముసలితనమున 1934లో తిరిగివచ్చి తానే మఱల రంగులు దిద్దెను. అది తప్పక చూడదగినది. అక్కడికి రాళ్లదారి ఆటు తీసిన వేళలనే తేలును. పోటుపాటుల పట్టికను ఊరిలో ముందుగ అడిగి తెలిసికొని బయలుదేరవలెను.